సంక్రాంతికి తెరిచే బడి

సంక్రాంతి సెలవుల్లో తాడేపల్లిగూడెం, ఏలూరు పరిసరాల్లో కొన్ని బడుల తలుపులు తెరుచుకుంటాయి. పిల్లల కోసం కాదు, ఎప్పుడో పదో తరగతి దాటేసిన పూర్వ విద్యార్థుల కోసం. హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి వచ్చినవాళ్లు పాత బెంచీల మీద ఇరుక్కుని కూర్చుంటారు. లెక్కల మాస్టారికి శాలువా కప్పుతారు. ఆయనేమో ఇంటిపేర్లతో సహా హాజరు పిలుస్తారు!

కొల్లేరు లంకల్లో బడి జ్ఞాపకాలకు నీటి తడి ఎక్కువ. వరదకు రోడ్డు మునిగినప్పుడు పడవెక్కి బడికొచ్చిన టీచరమ్మను ఎవరు మరిచిపోతారు?

గోదావరి సీమకు ఈ గురుశిష్య బంధం కొత్త కాదు. భీమవరం ప్రాంతంలో పుట్టిన రచయిత, చిత్రకారుడు అడివి బాపిరాజు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదివేటప్పుడు అక్కడ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆ ఇంగ్లిషు దొర స్వయంగా చిత్రకారుడు. శిష్యుల చేతుల్లోని కళను గుర్తుపట్టాడు. మరో శిష్యుడు, చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకు వెళ్లడం వెనక ఉన్నదీ ఆయన ప్రోత్సాహమే. దామెర్ల 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూశారు. తర్వాతి కాలంలో బాపిరాజు తానూ బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు.

1962 నుంచి సెప్టెంబరు 5 గురుపూజోత్సవం. ఈ ఊళ్లలో మాత్రం మరో గురుపూజ సంక్రాంతికి జరుగుతుంది. చివర్లో గ్రూప్ ఫొటో. నడిమి కుర్చీ మాస్టారిది, వెనక వరుసలో నెరిసిన జుట్టుతో విద్యార్థులు.