బొడ్రాయి దగ్గర లడ్డూ పాట

సెలవులకు ఇంటికి వెళ్లే మనవాళ్లలో మామిడిపల్లి పేరు విన్నవాళ్లు తక్కువ. శంషాబాద్ విమానాశ్రయానికి ఆనుకొని శ్రీశైలం రోడ్డు వైపున్న ఊరది. అది ఏ మండలంలో ఉందో చెబితే మాత్రం అందరి ముఖాలూ వెలుగుతాయి. బాలాపూర్! లడ్డూ బాలాపూరే.

మన సంఘాల పందిళ్లలో వినాయక చవితికి లడ్డూ వేలం వేయడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ పాటకు అంత పేరు తెచ్చిన ఊరి గురించి ఈ సంచికలో నాలుగు మాటలు రాయకపోతే నాకు తోచదు.

బాలాపూర్ గణేశ్ ఉత్సవ సమితి 1980లో మొదలైంది. పద్నాలుగేళ్ల తర్వాత, 1994లో, స్వామి చేతిలోని లడ్డూను తొలిసారి వేలం వేశారు. ఊరి రైతు ఒకాయన 450 రూపాయలకు పాడుకున్నారు. ఇంటివాళ్లకూ చుట్టాలకూ పంచి, కొంత పొలంలో చల్లుకున్నారు. ఆయనకు కలిసొచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు. మరుసటి ఏడు ఆయనే 4,500కు పాడారు. ప్రసాదం నోటికే కాదు, మట్టికీ పెట్టాలన్న ఆ సేద్యగాడి ఆలోచన నాకు ఎంతో ఇష్టం.

2002లో పాట లక్ష దాటింది. విమానాశ్రయం తెరిచిన 2008లో ఐదు లక్షలు, 2015లో పది లక్షలు దాటింది. 2024లో 30 లక్షల వెయ్యి, 2025లో 35 లక్షలు పలికింది. ఇదే కాలంలో చుట్టుపక్కల చేలు వెంచర్లయ్యాయి, గజం లెక్కన అమ్ముడయ్యాయి. పాటలో పెరిగింది భక్తా, భూమి ధరా అని కొందరు అడుగుతారు. రెండూ పెరిగాయనే నేనంటాను. భూమి అమ్ముకున్న ఊరు ఆ డబ్బులో కొంత స్వామి పేరు మీద మళ్లీ ఊరికే పెట్టుకుంటోంది. వేలం సొమ్ము గుడులకూ ఊరి అభివృద్ధి పనులకూ పోతుంది. అందుకే దీన్ని నేను వింతగా చూడను, ఊరి ఉమ్మడి ఖజానాగా చూస్తాను.

కరోనా వల్ల 2020లో పాట జరగలేదు. ఆ ఏడు లడ్డూను ముఖ్యమంత్రికి అందించారు.

ఇప్పుడు 21 కిలోల లడ్డూ తాపేశ్వరం నుంచి వస్తుంది. నిమజ్జనం రోజు పొద్దున స్వామిని ఊరంతా ఊరేగించి బొడ్రాయి దగ్గరికి తెస్తారు. పొలాలకూ పశువులకూ మనుషులకూ కాపు కాసే రాయి అది. పాట అయ్యాకే స్వామి చార్మినార్ మీదుగా హుస్సేన్ సాగర్‌కు బయలుదేరుతాడు. ఎన్ని లక్షలకు ముగిసినా, ఆ రాయి ముందు పాట మొదలయ్యేది 1,116 రూపాయలతోనే.