ప్రత్యర్థులు కలసిన క్రీడారంగము

నేటి బాలబాలికలు మైదానమునందు ఆడు ఆటలతోపాటు తెరమీద ఆడు ఆటలనుగూడ నెరుగుదురు. తల్లిదండ్రులలో ననేకులు ఈ తెరయాటలను వట్టి కాలహరణముగా తలంతురు. ఆ తలంపు చాలవరకు న్యాయమే. అయినను అట్టి ఆటలలో నొకదాని చరిత్రము, పందెమనగా నేమి, ప్రత్యర్థి యనగా నెవడు అను ప్రశ్నలను మన యెదుట నిలుపుచున్నది. కావున 2007 వ సంవత్సరము నవంబరు మాసమున ‘మారియో అండ్ సోనిక్ ఎట్ ది ఒలింపిక్ గేమ్స్’ అను పేర వెలువడిన వీడియో ఆటనుగూర్చి చదువరులకు వివరింప నెంచితిమి.

ఈ ఆటలోని నాయకు లిరువురును జపాను దేశమున పుట్టినవారు. వారిలో పెద్దవాడు మారియో. ఇతడు నింటెండో అను సంస్థకు చెందినవాడు. ఆ సంస్థ 1889 వ సంవత్సరమున క్యోటో నగరమందు పూలబొమ్మల పేకముక్కలు చేయు వ్యాపారముగా మొదలై, కాలక్రమమున వీడియో ఆటలలో ప్రవేశించెను. 1981 లో షిగెరు మియమోటో అను చిత్రకారుడు ‘డాంకీ కాంగ్’ అను ఆటకొరకు ఒక పొట్టివానిని కల్పించెను. ఆనాటి తెరమీద బొమ్మలను కొలది చుక్కలతోనే చిత్రింపవలసియుండెను. అందుచే నోరు గీయ నక్కర లేకుండ గుబురుమీసమును, జుట్టు గీయ నక్కర లేకుండ టోపీని పెట్టెను. ఆ పొట్టివాడే మారియో. 1985 లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ అను ఆటతో నితడు లోకప్రసిద్ధుడయ్యెను.

రెండవవాడు సోనిక్. టోక్యో నగరమందలి సెగా అను సంస్థ 1988 లో ‘మెగా డ్రైవ్’ అను యంత్రమును విక్రయింప నారంభించెను. యంత్రము మంచిదే గాని, మారియోకు దీటుగా నిలువగల పాత్ర యొకటి దానికి లేకపోయెను. ఆ కొరతను తీర్చుటకై నవోటో ఒషిమా బొమ్మను గీయగా, యుజి నాకా దానిని పరుగెత్తించు లెక్కల నమర్పగా, హిరోకజు యసుహర పరుగుబాటలను కల్పింపగా, 1991 లో సోనిక్ జన్మించెను. ఇతడు హెడ్జ్‌హాగ్ అను చిన్న ముండ్ల జంతువు. దేహము నీలము, అది సెగా వారి గుర్తుయొక్క వర్ణము. పాదరక్షలు ఎరుపు. మారియో అడుగు చూచుకొని దుముకువాడు. సోనిక్ వెనుదిరిగి చూడక పరుగెత్తువాడు. మారియోకు భిన్నముగా నుండవలెననియే ఇతని నట్లు నిర్మించిరి.

అది మొదలు పది సంవత్సరములు ఈ రెండు పాత్రల పేర రెండు సంస్థల నడుమ గొప్ప వ్యాపారపు పోరు సాగెను. అమెరికా దేశమున సెగా వారు తమ ప్రకటనలలో నింటెండో వారిని పేరుపెట్టి ఎత్తిపొడిచిరి. పిల్లలు సయితము మారియో పక్షమనియు, సోనిక్ పక్షమనియు చీలి వాదులాడుకొనిరి. ఇద్దరిలో నెవడు గొప్పవాడను ప్రశ్నకు మాత్రము ఉత్తరము దొరకలేదు. ఏలయన, ఒకని యంత్రములో నింకొకడు అడుగు పెట్టుటయే లేదు. ఎన్నడును ఎదురుపడనివారి బలాబలముల నెట్లు తేల్చగలము?

2001 వ సంవత్సరము జనవరిలో సెగా వారు, నష్టములకు తాళలేక, ఇక ఆటయంత్రములను తయారుచేయమని ప్రకటించిరి. నాటినుండి తమ ఆటలను ఇతరుల యంత్రములకొరకు వ్రాయసాగిరి. ఆ సంవత్సరాంతమునకే సోనిక్ నింటెండో యంత్రములమీద కనుపించెను. ఓడినవాడు గెలిచినవాని పంచను చేరినట్లు అభిమానులలో కొందరికి తోచెను. ఇరువురును ఒక ఆటలో కలియుటకు అడ్డు తొలగినది గాని, ఎక్కడ కలియవలెనను చిక్కు మిగిలెను. మారియో నేలపై పందెము పెట్టినచో దుముకువాడు గెలుచును. సోనిక్ నేలపై పెట్టినచో పరుగెత్తువాడు గెలుచును. ఎవని యింట జరిగినను రెండవవాడు అతిథియే గాని సమానుడు కాడు.

ఈ చిక్కు విడిపోయిన మార్గము గమనింపదగినది. వారు ఇరువురిదియు గాని మూడవ స్థలమును ఎన్నుకొనిరి. అది 2008 లో చైనా దేశపు బీజింగు నగరమున జరుగనున్న ఒలింపిక్ క్రీడారంగము. ప్రాచీన గ్రీసు దేశమునందు ఒలింపియా ఉత్సవము సమీపించినప్పుడు, ఒండొరులతో పోరాడు పట్టణములవారు సయితము క్రీడాకారులను, యాత్రికులను నిరపాయముగా పోనిచ్చుటకు ఒడంబడిక కలదు. అట్టి సంప్రదాయముగల రంగమున చిరకాలపు ప్రత్యర్థులు కలియుట ఉచితముగనే యుండెను. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారి అనుమతితో సెగా వారు ఆటను నిర్మించిరి. మారియోను కల్పించిన మియమోటోయే ఆ పనికి పెద్దగా నుండి పర్యవేక్షించెను. 2007 మార్చిలో ఈ వార్త వెలువడగా అనేకులు మొదట నమ్మలేదు.

ఇక ఆటయొక్క నిర్మాణమును చూతము. ఇందు పాత్రలు 16. నింటెండో వారివి 8, సెగా వారివి 8. వీరిని నాలుగు తరగతులుగా విభజించిరి. అన్నిట సమముగా రాణించువారు మారియో, లుయీజి, ఏమీ, బ్లేజ్. వేగము గలవారు సోనిక్, షాడో, యోషి, డైసీ. బలము గలవారు నకల్స్, వెక్టర్, వారియో, బౌజర్. నేర్పు గలవారు టెయిల్స్, ఎగ్‌మన్, పీచ్, వాలుయీజి. ప్రతి తరగతియందును ఒక్కొక్క పక్షమునుండి సరిగా ఇద్దరేసి యుండుట చూడుడు. వేగము సెగాదనియు, బలము నింటెండోదనియు ఎవరును గర్వించుటకు వీలులేకుండ త్రాసు రెండు తట్టలును సరితూగునట్లు పెట్టిరి.

అయినను ఒక కష్టము మిగిలెను. తన సొంత ఆటలలో సోనిక్ ధ్వనికంటె వేగముగా పరుగెత్తువాడు. అట్టివానిని నూరు మీటర్ల పందెములో నిలిపినచో పందెమే లేదు. కావున నిర్మాతలు అతనిని వేగము గలవారిలో నొకనిగా మాత్రమే యుంచి, చురుకుగా ఆడువాని చేతిలో మారియో సయితము అతనిని ఓడింపగలుగునట్లు లెక్కలు కట్టిరి. ఈత పందెములలో మరియొక వింత కలదు. సొంత ఆటలలో సోనిక్‌కు ఈత రాదు. నీట చాలసేపున్నచో ఊపిరాడక చచ్చును. ఈ వరుస ఆటలలో నతడు ప్రాణరక్షక కవచమును తొడిగికొని ఈదును.

ఆడువాడు చేయవలసిన పనియు మునుపటి ఆటలలోవలె బొత్తాములు నొక్కుటతో తీరదు. 2006 లో నింటెండో వారు ‘వీ’ అను యంత్రమును వెలువరించిరి. దాని రిమోటు లోపల కంటికి కానరానంత చిన్న సిలికాను తునుక యొకటి సన్నని కమ్ములపై కదలునట్లు అమర్చబడియున్నది. చేయి కదిలినప్పు డది తన చోటునుండి రవంత జరుగును. ఆ జరుగుటను విద్యుత్తు కొలిచి యంత్రమునకు తెలుపును. పరుగు పందెములో ఆడువాడు రిమోటు నొకచేతను, దానికి జోడైన నన్‌చక్‌ను రెండవచేతను పట్టి, డప్పు వాయించువానివలె ఒకదాని వెంట నొకటి వేగముగా ఆడింపవలెను. చేతుల వేగమునుబట్టి తెరమీది పాత్ర పరుగెత్తును. కావున గెలుపోటములు పాత్రయొక్క కీర్తినిబట్టి గాక ఆడువాని శ్రమనుబట్టి చాలవరకు తేలుచున్నవి.

ఇంకొక విశేషము. కథలలో బౌజర్ అనువాడు పీచ్ రాకుమారిని పలుమార్లు అపహరించిన దుష్టుడు. ఎగ్‌మన్ సోనిక్‌కు ఆజన్మశత్రువు. ఇచ్చట వారందరును ఒకే గీతవద్ద నిలుతురు. గీత వారి పూర్వచరిత్రము నడుగదు. మాయాయుధములును, వింతశక్తులును వాడుట కిష్టపడువారికి ‘డ్రీమ్’ పందెములను పేర వేరొక విభాగము నేర్పరచిరి. అసలు పందెములతో వాని కలగాపులగము చేయలేదు. ఇది మంచి పద్ధతి. నియమములు సడలింప దలచినచో అందరికి తెలియునట్లు సడలించి, వేరుగా ఆడుకొనవలెనుగాని, నియమములున్న పందెములో దొంగచాటున సడలింపరాదు.

ఈ ఆటయందు లోపములును గలవు. చేతులు నొప్పిపుట్టుననియు, పందెములు పెక్కులు ఒకే తీరున నున్నవనియు విమర్శకులు కొందరు వ్రాసిరి. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి మేము చెప్పవలసియున్నది. తెరమీది ఆట పాత్రలనే సమానులుగా చేయగలదు. ఒకని వేగమును తగ్గించి, మరియొకనికి కవచము నీయగలదు. మైదానమున కా శక్తి లేదు. పొడుగుకాళ్ల బాలుడు పొడుగుకాళ్లతోనే పరుగెత్తును. బలహీనుడు బలహీనుడుగనే వచ్చి గీతవద్ద నిలుచును. పాఠశాలలు వయస్సునుబట్టి తరగతులు చేయవచ్చునుగాని, మనుష్యులను త్రాసులో సరిదూచలేవు. మైదానము సమానముగా పంచిపెట్టగలిగినవి బాట, తుపాకి మ్రోత, గడియారము, తీర్పరి యొక్క నిష్పక్షపాతమైన కన్ను, ఇవి మాత్రమే. ఇవి సమానముగా నున్నంతవరకు చివర వచ్చినవానికిని అన్యాయము జరుగలేదు. ఇవి వంకరవోయినచో మొదట వచ్చినవాని గెలుపును గెలుపు కాదు. ఈ భేదము నెరుగని బాలుడు తెరమీద గెలిచి, మైదానమున నోడినప్పుడు, లోకము తనకు ద్రోహము చేసినదని తలంచును. తల్లిదండ్రులు భయపడవలసినది దీనికే.

ఆ ఆట కోటి ప్రతులకు పైగా అమ్ముడుపోయెను. అటుపిమ్మట వాంకూవరు, లండను, సోచి, రియో, టోక్యో ఒలింపిక్ క్రీడల పేరను ఇట్టి ఆటలు వరుసగా వచ్చెను. 2016 లో రియో క్రీడల ముగింపు సభయందు జపాను ప్రధానమంత్రి షింజో అబే మారియో వేషమున కనుపించి సభవారిని ఆశ్చర్యపరచెను. వరుసలో చివరి ఆట 2019 లో వెలువడెను. 2024 లో పారిసు నగరమున జరిగిన క్రీడలకు మారియో, సోనిక్‌ల ఆట రాలేదు. ప్రత్యర్థులు ఒక రంగమున కలియుట స్వభావముచే జరుగునది కాదు, ఒడంబడికచే జరుగునది. ఒడంబడికను మరల మరల నిలుపుకొన్నంతకాలమే అది నిలుచును.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పందెపు పరుగును దృష్టాంతముగా గైకొనెను. కొరింథు పట్టణమునకు సమీపముననే ప్రసిద్ధమైన క్రీడోత్సవము జరుగుచుండుటచే ఆ మాట వారికి సులభముగా బోధపడెను. మన విద్యార్థులకును ఈ మారియో, సోనిక్‌ల మాట అట్లే సుబోధమగునని తలంచి యిచ్చట వ్రాసితిమి. సోనిక్ లేనిచో మారియో ఎంత వేగముగా పరుగెత్తగలడో ఎవరికిని తెలియకపోవును. మన ప్రక్క బాటలో నిలిచినవాడు మన బలమును మనకు తెలియజేయువాడు. కావున వచ్చు క్రీడోత్సవమునాడు, పరుగు ముగిసినపిమ్మట, ముందు వచ్చినవాడైనను వెనుక వచ్చినవాడైనను, మొదట ఆ ప్రక్కవాని చేయి పట్టుకొనుడు.