అరిగిన కాసులు

మా యత్తగారి దేవునిపెట్టెలో, కుంకుమభరిణ క్రింద, ఒక చిన్న గుడ్డమూటలో పదునొకండు పాతనాణెము లుండెడివి. ఏటేట దీపావళినాడు లక్ష్మీపూజకు వానిని వెలికిదీసి పళ్లెరమున నుంచుట ఆ యింటి యాచారము. మేము కాపురమునకు వచ్చిన రెండవయేట ఆ పని మా చేతికి వచ్చినది. నాణెములన్నియు నల్లగను పచ్చగను మకిలిపట్టి యుండెను. “దేవుని ముందుంచునవి నిగనిగలాడవలదా, అమ్మాయీ!” అని అత్తగా రనిరి. పండుగకు రెండు దినములు ముందుగా చింతపండును ఉప్పును గొని, ఇత్తడిచెంబులతోబాటు వానినిగూడ తోమితిమి. రాగి ఎఱ్ఱగా మెఱసినది, ఇంటిల్లిపాదియు మెచ్చుకొనిరి. సాయంకాలము బడినుండి వచ్చిన మావారు ఒక నాణెమును దీసికొని దీపము వద్ద అటునిటు త్రిప్పి, “ఏనుగునకు వెనుకప్రక్క అక్షరము లుండెడివే, ఏమైనవి?” అనిరి. మే మేమి చెప్పగలము? అక్షరములు చింతపండునీటితో గలసి దొడ్డిలోని అరటిపాదునకు బోయినవి.

రాగిమీద నేర్పడు ఆ పచ్చనిపొర ఉత్త మకిలి కాదని తరువాత దెలిసికొంటిమి. మంటిలో నూర్లకొలది యేండ్లు పడియున్న నాణెమునకు పైపైని లోహము కొంత మాఱిపోవును. ముద్రయొక్క సన్నని గీతలు పెక్కుమార్లు ఆ మాఱిన పొరయందే నిలిచియుండును. పులుపు తగిలినచో పొర కరగును, దానితో గీతయు కరగును. మావారు మమ్ము ఒక్క మాటయు ననలేదు. అందుచేతనే మాకు మఱింత కష్టము తోచినది. ఆ నాణె మే రాజుదో తెలిసికొనవలెనని పుస్తకములు తిరుగవేయుట మొదలుపెట్టితిమి. అది నేటికిని తేలలేదు గాని, మా కీ పిచ్చి పట్టినది.

బడిపంతులు గారి యింట బంగారు వరహాలు కొనుట జరుగని పని. అందుచే ఇతరులు వలదన్న వానిని, అనగా అరిగినవి, విఱిగినవి, చిల్లిపడినవి, మేము చేరదీయుచున్నాము. ఇవి యెందుకని సోదరీమణులు కొందఱు నవ్వుదురు. వారికొక కథ చెప్పుదుము.

1906వ సంవత్సరమున నాసికకు చేరువనున్న జోగల్తెంబి యను గ్రామమున ఒక నిక్షేపము బయల్పడినది. అందు పదుమూడువేలకు పైగా వెండి నాణెము లుండెను. అవి క్షహరాతవంశపు నహపానుని నాణెములు; ఒకవైపున రాజు ముఖము, రెండవవైపున బాణమును వజ్రాయుధమును ఉండును. కాని వానిలో తొమ్మిదివేలకు పైబడిన నాణెములు మరల అచ్చుగొట్టబడినవి. నహపానుని ముఖముమీదనే గౌతమీపుత్ర శాతకర్ణి తన మూడువంపుల కొండగుఱుతును, మఱొక ప్రక్క ఉజ్జయినీ చిహ్నమును కొట్టించెను. కొన్నిటిపై కొండక్రిందినుండి పాతరాజు ముక్కో, చెవియో, గ్రీకు అక్షరపు ముక్కయో తొంగిచూచుచుండును. అందమైన నాణెము కావలెననువాడు దానిని చెడిపోయినదే యనును. కాని శాతకర్ణి నహపానుని జయించెనని విద్వాంసులు నిశ్చయించుటకు ఆ చెడిన నాణెములే గొప్ప యాధారమైనవి. నాసిక గుహలో ఆ శాతకర్ణి తల్లియగు గౌతమీ బాలశ్రీ, మనుమడు పులుమావి యేలుబడి పందొమ్మిదవ యేట వ్రాయించిన శాసనమున్నది. తన కుమారుడు క్షహరాతవంశమును నిర్మూలించెనని ఆ తల్లి అందు చెప్పుకొన్నది. తల్లి ఱాతిమీద వ్రాయించిన మాటయు, కొడుకు వెండిమీద కొట్టించిన గుఱుతును ఒక్కటే చెప్పుచున్నవి. తల్లిపేరనే పేరుగాంచిన రాజు గనుక మన కీ కథ మఱింత ప్రియము.

శాతవాహనుల సీసపు నాణెములు మన కృష్ణా గోదావరీ ప్రాంతములందు విశేషముగా దొరకినవి. కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు మొదలగు తావుల పేరులు చదువరులు వినియుందురు. సీసము మెత్తనిది; అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుచే ఒక్కొక్క నాణెముపై పేరులోని మూడో నాలుగో అక్షరములే పడును. ఒకదానిపై “రఞో”, వేఱొకదానిపై “సాత”, ఇంకొకదానిపై “కణిస” యని యున్నచో, మూడింటిని ప్రక్కప్రక్క నుంచి రాజు పేరు కూడబలుకవలెను. ముక్కలబొమ్మను పేర్చుట పిల్లల కెంత వేడుకయో ఇది మాకంత. రెండు తెఱచాపకొయ్యల ఓడ గల సీసపు నాణెములు మన సముద్రతీరమున దొరకినవి. వానిలో కొన్నిటిపై అక్షరములు సగమే నిలుచుటచేత అవి యే రాజువో యని వాదము నడచినది.

అరుగుటయు సాక్ష్యమే. దామోదర కోశాంబి గణితశాస్త్రజ్ఞుడు. ఆయన తక్షశిలలో దొరకిన వెండి కార్షాపణములను ఒక్కొక్కటిగ సన్నని త్రాసున దూచి, నాణెము చేతులు మాఱిన కొలది ఎంత బరువు తఱుగునో లెక్కగట్టి, దానినిబట్టి వాని ముందువెనుకలను నిర్ణయించెను. ఆ కాసులను అరుగదీసిన చేతులలో ఉప్పు, నువ్వులు కొనుక్కొన్న ఆడువారి చేతులును ఉండవా? యాజ్ఞవల్క్యస్మృతిలో మంచి నాణకమును చెడ్డదనియు, చెడ్డదానిని మంచిదనియు చెప్పు పరీక్షకునికి దండన చెప్పబడినది. మేము చెడినవానినే మంచివందుము గాన, ఆ కాలమున బుట్టకపోవుట మేలే.

చిల్లిపడిన కాసును వర్తకులు సగము వెలకైన గొనరు. మాకు మాత్రము అదియే మిక్కిలి యిష్టము. రోమకుల బంగారునాణెములు మన దేశమున రాజు తలకుపైన రెండు చిల్లులతో దొరకినవి. కాసులపేరు ధరించు మన కది చెప్పనక్కఱలేదు: ఎవతెయో దానిని మెడలో వేసికొన్నది.

ఇట్టివి ఇంటనున్న సోదరీమణులు మావలె తోమకుందురు గాక. మన్ను విడిపించుటకు బట్టీపట్టిన నీటిలో నానవేసి, మెత్తని కుంచెతో అద్దిన చాలును. రాగిమీద లేతపచ్చని పొడి రాలుచున్నచో అది తెగులు. ఆ నాణెమును వేఱుచేసి, మందుసీసాలలో వచ్చు తేమ పీల్చు గుళికలతో పొడిగా నుంచవలెను. సీసపు నాణెములను కొయ్యపెట్టెలో నుంచరాదు; కొయ్యనుండి వెలువడు పుల్లని ఆవిరికి అవి తెల్లని పొడియగును. వానిని ముట్టిన చేయి కడుగుకొనక వంట ముట్టరాదు, పసిబిడ్డల కందనీయరాదు. అక్షరము చదువవలెనన్న దీపమును ప్రక్కనుండి వాలుగా బట్టవలెను. దొడ్డి త్రవ్వునపుడు నిక్షేపము దొరకినచో దాచరాదు. పదిరూపాయలకు మించిన దానిని కలెక్టరు గారికి దెలుపవలెనని 1878వ సంవత్సరపు చట్టము.

మూటలోని పదునొకండును ఇప్పుడు వేఱువేఱు కాగితపుపొట్లములలో నున్నవి. ఒక్కొక్కదానిపై బరువు, కొలత, గుఱుతులు మావారి చేతివ్రాత. ఏనుగు నాణెపు పొట్లముపై మాత్రము మేమే వ్రాసితిమి: “ముందు ఏనుగు. వెనుక అక్షరము లుండెను, తోమబడినవి.” అత్తగారు పోయిన తరువాతను దీపావళికి ఆ పదునొకండును పళ్లెరమునకు వచ్చును, నల్లగనే.