అజ్ఞాతలిపియు జీవద్భాషయు: గుంజాల గోండిప్రతుల పఠనవిచారము

చదువరాని లిపిలో నున్న ప్రాఁతగ్రంథ మొకటి దొరకినదనఁగానే లోకులకుఁ గుతూహలము గలుగుట సహజము. పండితులకు మాత్ర మచ్చట రెండు ప్రశ్నలు తోఁపవలెను. తెలియనిది లిపియా, భాషయా, లేక రెండునా? అనునది మొదటిది. ఎవరికిఁ దెలియనిది? అనునది రెండవది. మొదటి ప్రశ్నను మనము తఱచుగా వేసికొనుచున్నాము, రెండవదానిని విడిచిపెట్టుచున్నాము. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున వెలువడిన గోండి వ్రాతప్రతుల వృత్తాంతము ఆ రెండవ ప్రశ్న యెంత ముఖ్యమైనదో తెలుపుచున్నది.

హైదరాబాదున ఆబిడ్సునకును నాంపల్లికిని నడుమ ఈ విచారముతో సంబంధముగల స్థలములు రెండు గలవు. ఒకటి పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాల. 1914లో గులాం యాజ్దానీగారి యాధిపత్యమున నేర్పడిన నిజాం రాష్ట్ర పురావస్తుశాఖ చేసిన కృషికి ఫలముగా 1930లో ఈ శాల వెలసినది. రెండవది నాంపల్లి స్టేషను త్రోవలోని గోల్డెన్ త్రెషోల్డు. ఇది సరోజినీ నాయుడుగారి కుటుంబము నివసించిన యిల్లు. 1905లో వెలువడిన ఆమె మొదటి కవితాసంపుటి పేరే దీని పేరు. 1974లో స్థాపింపఁబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము తొలుత నీ యింటనే పనిచేసి, తరువాత గచ్చిబౌలికిఁ దరలెను. శిలలను జదివిన విద్య మొదటి స్థలమును దలఁపించును. గుంజాల ప్రతులను విద్వల్లోకమునకుఁ దెచ్చిన విశ్వవిద్యాలయము రెండవచోటఁ బుట్టినది. ఈ రెండు పఠనములకును మార్గము లొకటి కావు.

శిలామార్గమును ముందు చూతము. బ్రాహ్మీలిపిని 1837లో జేమ్సు ప్రిన్సెపు చదువఁగలిగెను. సాంచిలోని చిన్న శాసనములు పెక్కులు రెండే యక్షరములతో ముగియుచుండుటను గమనించి, అవి దాతలు సమర్పించిన వస్తువులపై వ్రాఁతలు గావున ఆ ముగింపు 'దానం' అను మాట కావలెనని యాతఁ డూహించెను. లిపి యపరిచితమైనను భాష యూహకందినది. అదియే తాళపుచెవి యైనది. 1892లో భట్టిప్రోలు స్తూపమున దొరకిన ధాతుకరండములపై లేఖనములును ఇట్టివే. సామాన్యబ్రాహ్మిలో దీర్ఘాకారమును దెలుపు గీఁత అచ్చట హ్రస్వాకారమును దెలుపును. కొన్ని యక్షరముల రూపములును వేఱు. అయినను భాష ప్రాకృతము గావున బ్యూలరు పండితుఁడు వానిని జదివి ప్రకటింపఁగలిగెను. 1915లో నాఁటి నిజాం రాష్ట్రములోని రాయచూరు మండలమున బయల్పడిన మస్కి శాసనమున లిపియుఁ దెలిసినదే, భాషయుఁ దెలిసినదే. క్రొత్తగాఁ దెలిసినది 'అశోక' నామము. అంతవఱకు దేవానాంప్రియ బిరుదముతోనే కనఁబడుచుండిన రాజెవ్వఁడో దానివలన దృఢపడినది.

భాషయు లిపియు రెండును దెలియనిచో నేమగునో వాయ్నిచ్ ప్రతి చూపుచున్నది. విల్ఫ్రిడ్ వాయ్నిచ్ అను పుస్తకవిక్రేత దానిని 1912లో సంపాదించెను. ఇప్పు డది యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నున్నది. దాని చర్మపత్రములు 1404, 1438 సంవత్సరముల నడుమనాఁటివని కర్బనపరీక్ష నిర్ణయించినది. అక్షరములు స్పష్టములు, ఓషధుల చిత్రములును గలవు. కాని యా లిపిలో మఱియొక గ్రంథము లేదు, అందలి భాష యేదో నిశ్చయము లేదు, చదువుట నేర్చిన మనుష్యుఁ డొక్కఁడును లేఁడు. అందుచేతనే శతాబ్దికిఁ బైఁగాఁ జేసిన యత్నములలో నొక్కటియు సర్వసమ్మతము కాలేదు.

ఇఁక గుంజాల ప్రతులు. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారి నాయకత్వమున హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006 ప్రాంతమున గుంజాలలో సుమారు పండ్రెండు ప్రతులను గుర్తించిరి. ఆ లిపి మన కోశములలోను లిపిచరిత్రలలోను లేదు. చూచినవారికి అది దేవనాగరి గాదు, తెలుఁగు గాదు, మోడి గాదు. అయినను ఆ గ్రామమున దానిని జదువనేర్చిన వృద్ధులు కొందఱు జీవించియుండిరి. కావున అది విద్వాంసులకు మాత్రమే అజ్ఞాతలిపి, గుంజాలకు సొంతలిపి. ప్రిన్సెపు ఊహచే సాధించిన దానిని ఇచ్చట నడిగి తెలిసికొన వీలయ్యెను.

ఈ లిపి నిర్మాణము పండితులు ప్రత్యేకముగాఁ జూడఁదగినది. ఇందు స్వరములు పది, వ్యంజనములు ముప్పది. వ్యంజనముల వరుస మనవలెఁ గకారముతో మొదలుకాదు, యకారముతో మొదలగును. పిమ్మట వ, బ, భ, మ, క, ఖ, త, థ, ల అని సాగి సకారముతో ముగియును. స్థానక్రమమున నేర్పడిన వర్గవిభాగము ఈ వరుసలో లేదు. ఞ, ణ, శ, ష లకుఁ బ్రత్యేకాక్షరములు లేవు; ళకారము గలదు. హ్రస్వములైన ఎ, ఒ లకు వేఱు గుఱుతులు లేవు. సంస్కృతవర్ణమాలను జూచి దించిన లిపి యైనచో శ, ష లు విడువఁబడవు, వరుస యింతగా మాఱదు. కావున బ్రాహ్మీకుటుంబమునకుఁ జెందినదే యైనను, ఇది వ్రాయువారి నోటి ననుసరించి కుదురుకొన్న లిపియని నాకుఁ దోఁచుచున్నది. మహాప్రాణము లుండుటకు మరాఠీ మున్నగు పొరుగు భాషల మాటలు కారణము కావచ్చును.

భాష విషయమున మనకు మఱింత సౌకర్యము గలదు. తెలుఁగు, గోండి, కువి, కొండ మొదలగునవి ద్రావిడభాషలలో నొకే యుపశాఖకుఁ జెందినవని భద్రిరాజు కృష్ణమూర్తిగారు మున్నగువారు నిరూపించిరి. సంఖ్యావాచకములను జూడుఁడు: మన రెండు గోండిలో 'రండ్', మూఁడు 'మూండ్', నాలుగు 'నాలుంగ్'. మనము మూఁడు అను మాటలో అరసున్నగా వ్రాసి పలుకుట మానిన అనునాసికము గోండివారి నోట నేఁటికిని నిండుగా వినఁబడుచున్నది. అరసున్న యేలయని బడిలో నడుగు బాలునకు ఇంతకంటె మంచి సమాధానము లేదు.

జీవించియున్న చదువరి చెప్పినదంతయుఁ బరీక్షింపకయే గ్రహింపవలెనని నా యభిప్రాయము కాదు. ఒకే పుటను ఇరువురచే వేఱువేఱుగాఁ జదివింపవలెను. ఒక యక్షరమునకు ఒకచోట నిచ్చిన ధ్వని ప్రతియంతట నిలుచునో లేదో చూడవలెను. కంఠస్థమైన కథను జెప్పుచున్నాఁడో, పుటపైనున్న దానిని జదువుచున్నాఁడో కనిపెట్టవలెను. ప్రధానుల వంటి గాయకులు దీర్ఘగాథలను నోటనే నిలుపుకొను సమాజములో ఈ తుదిపరీక్ష మిక్కిలి యవసరము. ఎఱుఁగని పుటను దెఱచి యిచ్చుటయే దానికి ఉపాయము.

కాలనిర్ణయమునను జాగరూకత వలయును. ఈ ప్రతులు సుమారు 1750 ప్రాంతమునాఁటివని పరిశోధకులు తెలిపిరి. చంద్రాపురపు గోండురాజుల వృత్తాంతములును, ఆఱేడవ శతాబ్దులకుఁ జెందినవిగాఁ జెప్పఁబడు పెగు దేశసంబంధములును అందుఁ గలవని వెల్లడించిరి. ప్రతి వ్రాసిన కాలము వేఱు, కథ జరిగిన కాలము వేఱు, లిపి పుట్టిన కాలము వేఱు. భారతము నేఁడు వ్రాసికొన్నవాని ప్రతి ద్వాపరమునాఁటిది కాదుగదా. ఆఱవ శతాబ్ది ప్రసంగము వచ్చినంతమాత్రమున లిపి యానాఁటిదని చెప్పరాదు. 1750 నాఁటి ప్రతి దొరకినంతమాత్రమున లిపి యప్పుడే పుట్టినదనియుఁ జెప్పరాదు.

ఈ లిపి మన కన్నులఁ బడకుండుటకుఁ గారణము దూరము కాదు. 1940 తరువాతి సంవత్సరములలో హైమెన్‌డార్ఫ్ పండితుఁడు ఆదిలాబాదు గోండుల నడుమ నుండి, వారి జీవితమును గుఱించి ప్రామాణికగ్రంథము వ్రాసెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము నెలకొనెను. అచ్చటి గోండి వాచకములు దేవనాగరిలో వెలువడెను. గుంజాల యదే జిల్లాలోనిది. మధ్యపరగణాలలో మున్షీ మంగళ్ సింగ్ మసరాంగారు 1918లో గోండికి వేఱొక లిపిని గల్పించిరి; దానికిని గుంజాల లిపికిని సంబంధము లేదు. మసరాం లిపి 2017లోను, గుంజాల లిపి 63 సంకేతములతో 2018లోను యూనికోడు ప్రమాణమునఁ జేరినవి. కొన్ని గ్రామముల బడులలో గుంజాల లిపిని నేర్పుటయు మొదలైనది. 2011 జనగణనలో గోండి మాతృభాషగాఁ జెప్పుకొన్నవారు సుమారు 29 లక్షల 80 వేలు. అంతటి భాషకు ఇది ఆలస్యముగా దొరకిన సొత్తు.

వాయ్నిచ్ ప్రతికిని గుంజాల ప్రతికిని గల భేదము అక్షరములలో లేదు. పక్కనఁ గూర్చుండి చదివి వినిపించు ముసలివాఁ డుండుటలో నున్నది. ఆ వృద్ధులు గతించిన పిమ్మట ఎవరైనను ఆ పెట్టెలు తెఱచియున్నచో, ప్రిన్సెపు పడిన పాటంతయు మనమును బడవలసివచ్చెడిది. ఫలించునను నమ్మకమును లేదు. పల్లెలలోని పాఠశాలాపండితులకు నా మనవి యిది: మీ యూర నెవరి యింటనైనను చదువరాని కట్ట యున్నదని వినినచో, దానిని ముందు నగరమునకుఁ బంపకుఁడు. దానిని జదువఁగలవారు ఆ యూరనే యున్నారేమో విచారింపుఁడు. ఉన్నచో వారి పఠనమును వినుఁడు, వ్రాసికొనుఁడు, వారి మనుమలచే నేర్పింపుఁడు. కట్టను బిదప నెప్పుడైనను భద్రపఱుపవచ్చును; చదువరిని భద్రపఱుచుటకు గడువు కొలఁది.