సైకిలు హెడ్‌సెట్

సైకిలు ముందు ఫోర్కును చట్రంతో కలిపి, హ్యాండిల్ సులువుగా తిరిగేటట్లు చేసే బేరింగుల అమరికను హెడ్‌సెట్ అంటారు. ఇది వదులైనచో బ్రేకు వేయగానే సైకిలు ముందుభాగం కంపించి, హ్యాండిల్ అదుపు తప్పవచ్చును. చాలాకాలం అలాగే నడిపితే కప్పులు కూర్చున్న హెడ్ గొట్టం అంచులు సాగి, చట్రమే పాడవుతుంది.

నిర్మాణం

హెడ్ గొట్టం పైచివర, కిందిచివర ఒక్కొక్క కప్పు బిగువుగా దిగి ఉంటాయి. కప్పులకు ఎదురుగా ఫోర్కు గొట్టంపై కోనులు ఉంటాయి. కప్పుకు, కోనుకు నడుమ ఉక్కు బాల్స్ గ్రీజులో దొర్లుతాయి. వీటి వ్యాసం సాధారణంగా 5/32 అంగుళం, అనగా సుమారు 4 మిల్లీమీటర్లు. మర కలిగిన పాత పద్ధతి హెడ్‌సెట్‌లో పై కోను ఫోర్కు గొట్టం మరపై తిరుగుతుంది. దానిపై వాషరు, లాక్ నట్టు వస్తాయి. మర లేని హెడ్‌సెట్లు 1990 దశకంలో వాడుకలోకి వచ్చాయి.

కారణాలు

గ్రీజు ఎండిపోవడం, గతుకుల దారి, హ్యాండిల్‌కు బరువులు తగిలించడం ముఖ్య కారణాలు. విజయనగరం జిల్లాలోని భోగాపురం వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలి వలన బాల్స్ తుప్పు పడతాయి. ఇసుక చేరి కప్పులను అరగదీస్తుంది. భోగాపురం మీదుగా 16వ నెంబరు జాతీయ రహదారి (2010కి పూర్వం 5వ నెంబరు) పోతుంది. లారీలు వేగంగా పోయే ఇటువంటి రహదారి అంచున హ్యాండిల్ ఊగడం ప్రాణాపాయం.

లోపాన్ని గుర్తించుట

* ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకు, వెనుకకు ఊపాలి. కప్పు, కోను కలిసేచోట వేలు ఉంచితే కదలిక తెలుస్తుంది. అక్కడ కదలిక లేనిచో ఆ ఊగుడు బ్రేకుది గాని, చక్రం ఇరుసుది గాని కావచ్చును.
* ముందు చక్రాన్ని పైకెత్తి హ్యాండిల్‌ను తిప్పాలి. బరువుగా తిరిగితే బిగువు ఎక్కువైనట్లు.
* నేరుగా ఉన్నచోట పట్టుకున్నట్లు ఆగితే కప్పులలో గుంటలు పడినట్లు. సైకిలు ఎక్కువసేపు నేరుగా సాగుతుంది. కావున బాల్స్ దొర్లక ఒకేచోట సన్నగా కదులుతూ, గ్రీజు తొలగి, లోహం రాసుకొని గుంటలు ఏర్పడతాయి.

సరిచేయుట

# లాక్ నట్టును వదులు చేయాలి.
# ఊగుడు పోయేవరకు మాత్రమే పై కోనును తిప్పాలి.
# కోను కదలకుండా ఒక పానాతో పట్టి, మరో పానాతో లాక్ నట్టును బిగించాలి.
# లాక్ నట్టు బిగింపుతో కోను బిగువు మారుతుంది. కావున పై పరీక్షలు మళ్ళీ చేయాలి.

మర లేని రకంలో మొదట స్టెమ్ పక్క బోల్టులను వదులు చేసి, పై మూత బోల్టుతో ఊగుడు తీసి, పక్క బోల్టులను తిరిగి బిగించాలి.

బిగింపుతో పోని లోపాలు

కప్పు వేలితో తిరుగుతున్నా, హ్యాండిల్ ఒకవైపు బిగువుగా, మరోవైపు వదులుగా ఉన్నా ఎంత బిగించినా ప్రయోజనం లేదు. కప్పు వంకరగా దిగడం, ఫోర్కు గొట్టం వంగడం, బాల్స్ గూడును తలకిందులుగా అమర్చడం ఇందుకు కారణాలు. వదులు కప్పు చుట్టూ పలుచని రేకు చుట్టడం తాత్కాలిక ఉపాయం మాత్రమే. గుంటలు పడిన కప్పులను, కోనులను, బాల్స్‌ను కలిపి మార్చాలి. పాత కప్పులో కొత్త బాల్స్ వేసినా గుంటలు పోవు.

ఇవి కూడా చూడండి

* సైకిలు
* బాల్ బేరింగు