ఘాటు దిగే ముందు కాస్త నిద్ర

సాలూరు పేరు వినగానే మా ఉత్తరాంధ్రలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది లారీ. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా వచ్చే రోడ్డు, వేగావతి ఒడ్డునున్న మా ఊరు దాటిన కాసేపటికే కొండెక్కుతుంది. పి.కోనవలస ఘాటు, సుంకి, పొట్టంగి, కొరాపుట్, జయపురం, జగదల్‌పూర్, చివరికి రాయపూర్. విశాఖ రేవుకీ, ఛత్తీస్‌గఢ్‌లోని ఇనుము, బియ్యం, సిమెంటుకీ మధ్య లారీ నడిచే పాత తోవ ఇది. ఈ తోవ ఉండబట్టే మా ఊళ్లో లారీ పని పెరిగింది. బాడీలు కట్టే వడ్రంగులు, కమాన్ పట్టీలు మార్చేవాళ్లు, టార్పాలిన్లు కుట్టేవాళ్లు, బండి మీద పేర్లు రాసే పెయింటర్లు, రీసోల్ టైర్ల షాపులవాళ్లు, కిరాయి కుదిర్చే బ్రోకర్లు... ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది ఈ పనుల మీదే. రాష్ట్రంలో విజయవాడ తరువాత లారీలకు పేరున్నది సాలూరుకే అని మా పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేము విజయనగరం నుంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లాం. అంతకుముందే రోడ్డు నంబరు 43 పోయి 26 అయింది. పాత డ్రైవర్లం మాత్రం ఇప్పటికీ నలభైమూడే అంటాం.

నేను ఈ రోడ్డు మీదే పని నేర్చుకున్నాను. పదహారేళ్లప్పుడు క్లీనరుగా ఎక్కాను. అద్దం తుడవడం, గాలి చూడటం, తాళ్లు బిగించడం, రివర్సు తీసేటప్పుడు దిగి వెనక నిలబడి కేకలు వేయడం, ఇద్దరికీ వంట చేయడం నా పని. స్టీరింగు చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. నాకు నేర్పిన గురువు పెద్దగా చదువుకోలేదు. కానీ బండి చప్పుడు విని, ఏ చక్రం బేరింగు అరుగుతోందో చెప్పేవాడు. మొదటిసారి ఘాటులో స్టీరింగు ఇచ్చినప్పుడు ఒకటే మాటన్నాడు: "ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగాల్రా గుంటడా. బ్రేకుని నమ్ముకోకు, ఇంజన్ని నమ్ముకో."

ఆ మాట వెనకున్న సంగతి కారు నడిపేవాళ్లకు కూడా తెలియాలి. పది టైర్ల బండి లోడుతో కలిపి 25 టన్నులు మించకూడదని ఒకప్పటి లెక్క. 2018 జులైలో దాన్ని 28.5 టన్నులకు పెంచారు. అంత బరువు కొండ దిగుతుంటే కిందికి లాగే బలాన్ని ఎవరో ఒకరు ఆపాలి. బ్రేకు తొక్కితే లైనర్లు డ్రమ్ముకి రాసుకుని పట్టుకుంటాయి, ఆ రాపిడికి వేడెక్కుతాయి. మలుపు మలుపుకీ తొక్కుతూ పోతే ఆ వేడి ఎంతకీ చల్లారదు. ముందు కాలిన వాసన వస్తుంది, తరువాత చక్రాల దగ్గర పొగ. ఆపైన లైనరు పట్టు వదిలేస్తుంది. కాలు బ్రేకు మీదే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. పెద్ద బళ్లకు బ్రేకు పనిచేసేది గాలి ఒత్తిడితో. అదే పనిగా తొక్కితే ట్యాంకులో గాలి కూడా పడిపోతుంది. అందుకే చిన్న గేరులో దిగుతాం. ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. బ్రేకు మలుపులో మాత్రమే, అదీ కాస్త.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్లో దించేవాళ్లు నా కాలంలో ఉండేవారు. ఇప్పుడూ అక్కడక్కడా ఉన్నారు. న్యూట్రల్ వేశాక ఇంజను బండిని పట్టుకోదు, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ఇప్పటి ఇంజన్లలోనైతే గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే డీజిల్ ఎటూ ఆగిపోతుంది, న్యూట్రల్ వల్ల మిగిలేదేమీ లేదు. కొత్తగా స్టీరింగు పట్టిన కుర్రాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

దిగుడు మొదలుకాక ముందే పైన బండి ఆపుతాను. వీల్ స్పానరుతో టైర్లు ఒక్కొక్కటీ కొట్టి చప్పుడు వింటాను. గాలి తగ్గిన టైరు మొద్దుగా పలుకుతుంది. గాలి మీటరు చూస్తాను. తాళ్లు లాగి చూస్తాను, సడలితే మళ్లీ బిగిస్తాను. బియ్యం బస్తాలు మలుపులో ఒక పక్కకు ఒరుగుతాయి. ఇనుప చువ్వలు ఇంకా ప్రమాదం, గట్టిగా బ్రేకు కొడితే అవి ముందుకు జారి క్యాబిన్‌లోకి దూసుకొస్తాయి. డ్రమ్ము వేడెక్కితే నీళ్లు కొట్టకూడదు, ఇనుము పగులుతుంది. నీడన ఆపి దానంతటది చల్లారేదాకా కూర్చోవాలి. ఆ కూర్చునే అరగంటను చాలామంది ఓనర్లు దండగ కింద చూస్తారు. ఆ అరగంట మీదే ప్రాణాలు ఆధారపడి ఉంటాయని నేను నమ్ముతాను.

ఇప్పుడు ఒక ట్రిప్పు ఎలా సాగుతుందో చెబుతాను. రేవు పక్క గోడౌన్లో లోడుకి లైనులో నిలబడతాం. వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. కలాసీలు ఎక్కించడం పూర్తయ్యాక కాటా, దాని తరువాత కాగితాలు. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. దానికి గడువు ఉంటుంది, 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున. 2018లో మొదలైనప్పుడు వంద కిలోమీటర్లకు ఒక రోజు ఇచ్చేవారు, 2021 జనవరి నుంచి రెండు వందలు చేశారు. ఘాటులో ముందు బండి పడిపోయి రోడ్డు మూసుకుపోయినా, పట్టీ విరిగి మెకానిక్ కోసం పడిగాపులు పడినా ఆ గడువు నడుస్తూనే ఉంటుంది. పెంచుకునే వీలుంది, గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి తీరాక ఎనిమిది గంటల దాకా. కానీ అది చేయించాల్సింది ఆఫీసువాళ్లు. రాత్రి ఒంటిగంటకు సిగ్నల్ లేని అడవిలో ఉన్న డ్రైవరు ఎవరికి ఫోను చేస్తాడు?

2017 జులైలో జీఎస్టీ వచ్చాక సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. అది మాకు నిజంగా మేలు. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురంలో బారులు తీరి గంటల తరబడి నిలబడిన రోజులు నాకు బాగా గుర్తు. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక చిలకపాలెం, మడపాం టోల్‌గేట్ల దగ్గర కూడా ఆలస్యం తగ్గింది. దారిలో అలా మిగిలిన సమయం డ్రైవరుకు దక్కుతుందనుకున్నాం. దక్కలేదు. బండి తొందరగా చేరాలనే గడువు దగ్గర పడిందంతే.

కూడు మాత్రం మా చేతి వంటే. క్యాబిన్లో చిన్న గ్యాస్ స్టవ్వు, రెండు గిన్నెలు, ఉప్పూ కారం, చింతపండు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండుచేపలు. కొండ మీద నీళ్లున్నచోట ఆపి స్నానం చేసి, వండుకుని, ఆ పూటే రెండు పూటలకు సరిపడా పెట్టుకుంటాం. జగదల్‌పూర్ దాటాక దాబాలో రొట్టె, పప్పు. ఒరియా, హిందీ నేను దాబాల్లోనే నేర్చుకున్నాను. కేశ్‌కాల్ ఘాటు దగ్గర తేలిన్ సతీ మాత గుడి ముందు ప్రతి డ్రైవరూ ఒక్క నిమిషం ఆగుతాడు. ఆ ఘాటులో పన్నెండు మలుపులున్నాయి. రాయపూర్ చేరాక అన్‌లోడుకు రెండు రోజులో మూడు రోజులో కాచుకోవాలి. తిరుగు లోడు బియ్యమైతే కాకినాడ రేవుకి, ఇనుమైతే విశాఖకి. తిరుగు లోడు దొరకకపోతే ఓనరు ముఖం మాడుతుంది, మా బత్తా కరిగిపోతుంది.

శ్రీకాకుళం పక్క బండి నడిపితే వేరే బతుకు. కవిటి, సోంపేట కొబ్బరికాయలు, పలాస జీడిపప్పు, టెక్కలి గ్రానైట్ రాళ్లు, ఇవన్నీ 16వ నంబరు హైవే ఎక్కుతాయి. రాత్రిపూట మనల్ని దాటి దూసుకుపోయేవి గోదావరి, కృష్ణా జిల్లాల చేపల బళ్లు. ఐసు కరిగేలోగా హౌరా చేరాలి కాబట్టి వాళ్లకు తొందర. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ హైవే మీదే లారీలు బారులుగా ఆగిపోయాయి. 2020 లాక్‌డౌన్‌లో దాబాలన్నీ మూసేసినా సరుకు లారీలు నడిచాయి. బియ్యం, మందులు, ఆక్సిజన్, ఏవీ నడిచి రాలేదు కదా.

అసలు చెప్పాలనుకున్నది నిద్ర గురించి. ఘాటులో నాకెప్పుడూ నిద్ర రాలేదు. భయం కళ్లు మూయనివ్వదు. నిద్ర వచ్చేది తిన్నగా, నున్నగా ఉండే నాలుగు లైన్ల రోడ్డు మీద, రాత్రి రెండు నుంచి తెల్లవారుజాము ఐదు దాకా. కళ్లు తెరిచే ఉంటాయి, రోడ్డు మాత్రం కనిపించదు. ఒక కిలోమీటరు ఎలా నడిపామో తరువాత గుర్తుండదు. ఖైనీ, గుట్కా, టీ, పాటలు, అన్నీ కాసేపు కళ్లు తెరిపిస్తాయి, అంతే. ఒంటికి కావాల్సింది నిద్రే. కొన్నిచోట్ల పోలీసులు అర్ధరాత్రి బళ్లు ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపుతున్నారు. మంచి మనసుతో చేస్తున్న పనే, దండం పెట్టాల్సిందే. కానీ మొహం కడిగించాక, "ఇక్కడ పక్కన పెట్టుకుని రెండు గంటలు పడుకో బాబూ" అనే చోటు చూపిస్తే ఇంకా మేలు.

చట్టం లేక కాదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అనేది. దూర ప్రయాణాల్లో రోజుకు 10, వారానికి 54 దాకా పోయే వీలుండేది. ఐదు గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాల్సి ఉండేది. ఐదుగురు, అంతకుమించి పనివాళ్లున్న సంస్థలకే ఆ చట్టం అని కొందరు తప్పించుకునేవారు. సాలూరులో ఒకటీ రెండూ లారీలున్న ఓనర్లే ఎక్కువ మరి. కానీ 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్, రవాణా బండి నడిపే ప్రతి మనిషికీ ఆ పనిగంటలే వర్తిస్తాయని చెప్పింది. అంటే నాకూ వర్తించాయి. నేను డ్రైవరునయ్యాక నా బరువు, నా కాగితాలు, నా వేగం ఎందరో అధికారులు తనిఖీ చేశారు. ఎన్ని గంటల నుంచి నడుపుతున్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

పైగా ఇప్పుడు బండిలో ఒక్కడమే. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలని ఒకప్పుడు నిబంధన ఉండేది, తరువాత ఎత్తేశారు. క్లీనరు కూడా కనబడటం లేదు. డీజిల్, టోలు, టైర్లు, ఫైనాన్సు వాయిదాలు పోగా అతనికిచ్చే బత్తా భారమని ఓనర్లు మానేశారు. వాళ్ల కష్టం నాకు తెలుసు, వాళ్లలో చాలామంది ఒకనాడు స్టీరింగు పట్టినవాళ్లే. అయినా క్లీనరు పోవడంతో మాకు రెండు నష్టాలు జరిగాయి. నిద్రొస్తుంటే భుజం తట్టే మనిషి పోయాడు. రేపటి డ్రైవరు తయారయ్యే బడీ పోయింది. మా వీధిలో కుర్రాళ్లు ఎవరూ ఈ పనికి రామంటున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. శంబర పోలమాంబ జాతరకీ, పైడితల్లి సిరిమానుకీ ఇంట్లో ఉండలేని పని ఇది. 2024 జనవరిలో ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల జైలు అన్న కొత్త సెక్షన్ మీద దేశమంతా డ్రైవర్లు బళ్లు ఆపేశారు. ఆ భాగాన్ని ఇంకా అమల్లోకి తేకుండా ఆపి ఉంచారు. దెబ్బతిన్నవాణ్ణి వదిలి పారిపోవడం తప్పే. జనం చేతుల్లో చావుదెబ్బలు తిన్న డ్రైవర్లను కూడా నేను చూశాను. భయం రెండు వైపులా ఉందని చట్టం చేసేవాళ్లు గుర్తించాలి.

మంచి మార్పులూ ఉన్నాయి. 2025 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మే నెలలో ఇంజను పక్కన కూర్చుని పన్నెండు గంటలు నడిపినవాడికి దాని విలువ తెలుస్తుంది. రాయపూర్-విశాఖ కొత్త ఆరు లైన్ల రహదారి పూర్తయితే దాదాపు 600 కిలోమీటర్ల దూరం 465కి తగ్గుతుందంటున్నారు. అప్పుడు పాత ఘాటు రోడ్డు మీద సాలూరు లారీల పని ఏమవుతుందోనన్న దిగులు మా ఊళ్లో ఉంది. జాతీయ రహదారుల పక్కన డ్రైవర్ల కోసం వెయ్యి విశ్రాంతి భవనాలు కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రకటించారు. మా కోరిక అందులోనే ఉంది. ఘాటు ఎక్కే ముందు ఒకటి, ఇచ్ఛాపురం సరిహద్దులో ఒకటి కట్టండి. లారీ పట్టే జాగా, నీళ్లు, మరుగుదొడ్డి, సరుకుకి కాపలా, నాలుగు మంచాలు ఉంటే చాలు. చోటు లేకే డ్రైవర్లు హైవే అంచున బండి పెట్టి పడుకుంటున్నారు. వెనక నుంచి వచ్చిన కార్లు ఆ చీకట్లో గుద్దుకుని కుటుంబాలే పోతున్నాయి.

కారులో అరకో జగదల్‌పూరో బయలుదేరే మీకూ ఒక మాట. ఘాటులో ముందున్న లారీ నెమ్మదిగా దిగుతుంటే హారన్ కొట్టి తొందరపెట్టకండి. చిన్న గేరులో ఉందని అర్థం చేసుకుని కాస్త వెనకే రండి. మలుపులో దాటి బండి ముందుకొచ్చి బ్రేకు కొట్టకండి. మీ కారు ఆగినంత దూరంలో 28 టన్నులు ఆగవు.