తేనెటీగకు పన్నెండు నెలల విందు

పిడుగురాళ్ల అనగానే సున్నపు బట్టీలు జ్ఞాపకం వస్తాయి గాని, పూలతోటలు కాదు. అయినా మా పెరళ్లలో తేనెటీగ పస్తుండనక్కరలేదు. తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి గనుక ఒకమాట: మన ప్రబంధకవులు తుమ్మెదను నెత్తిన పెట్టుకొన్నంతగా తేనెటీగను పట్టించుకోలేదు. మనమూ అంతే, ముద్దబంతికి మురిసి రేకబంతిని చిన్నచూపు చూస్తాం! ముద్దబంతిలో నడిమి పూవులు సైతం రేకులైపోతాయి. ఈగకు దక్కే పుప్పొడి బహు స్వల్పం.

ఎండలు ముదిరేలోగా వేప, కానుగ, ఆపైన చింత ఎలాగూ ఆదుకుంటాయి. చిక్కంతా వానాకాలంలోనే. జడివానలో ఈగ గూడు దాటలేదు; దాటినా పూత తక్కువ. కనుక తులసి వేయండి. వెన్నులన్నీ గిల్లివేయక సగమైనా ఉంచండి. కంచెలో రేగు ఉంటే వానల చివర పూస్తుంది, చలి మొదట కుంకుడు అందుకుంటుంది. బావి దగ్గర మునగ సరేసరి. మొక్కలకు మందు కొట్టక తప్పకపోతే, ఈగలు గూడు చేరిన సందెవేళ కొట్టండి.